మూడో ఆల్టర్నేటర్ కొనకండి, ముందు వైరును కొలవండి

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. ఉద్యోగ విరమణ తరువాత 2009 మోడల్ డీజిల్ వ్యాను ఒకటి కొని, లోపల రెండు పడకలు, చిన్న ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, ఇన్వర్టర్ పెట్టించి కారవాన్‌గా మార్పించాను. వెనక మంచం కింద 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ ఉంది. ఏడాదిన్నరలో బండిని స్టార్ట్ చేసే ముందువైపు బ్యాటరీని రెండుసార్లు, ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను రెండుసార్లు మార్చాం. అయినా బండి నడుస్తుంటే చార్జింగ్ లైటు మసకగా వెలుగుతూనే ఉంటుంది. హెడ్‌లైట్లు వేస్తే అది ఇంకొంచెం పెరుగుతుంది. వెనక బ్యాటరీ ఎప్పుడూ నిండదు. మొన్న శ్రీశైలంలో రాత్రి ఆపి ఉదయం చూస్తే సెల్ఫ్ తిరగలేదు, నలుగురు కలిసి తోస్తేనే స్టార్ట్ అయింది. ఈసారి పెద్ద ఆల్టర్నేటర్ వేయమని మెకానిక్ అంటున్నాడు. వేయించమంటారా? చిన్న ఏసీ కూడా నడుపుకోవచ్చా? కార్తీకంలో మళ్లీ శ్రీశైలం వెళ్లాలని మా ఇద్దరి కోరిక.

సమాధానం: వేయించవద్దు. కనీసం ఇప్పుడే వద్దు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట ఒకటుంది: ఆల్టర్నేటర్ రెండుసార్లు మార్చినా లక్షణం మారలేదు. వేర్వేరు ఆల్టర్నేటర్లు ఒకే రకంగా, అదే మసక వెలుగుతో చెడిపోవడం చాలా అరుదు. మారినవి ఆల్టర్నేటర్, బ్యాటరీ. మారనివి ఆ రెంటినీ కలిపే వైర్లు, ఎర్త్ (బండి ఇనుప ఒంటి గుండా కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి), ముందు వెనక బ్యాటరీలను కలుపుతూ విడదీస్తూ సీటు కింద ఎక్కడో ఉన్న రిలే అనే స్విచ్. కాబట్టి ముందు అనుమానించవలసింది వాటిని.

చార్జింగ్ లైటు మసకగా వెలగడంలో మంచి సమాచారం ఉంది. ఆ చిన్న బల్బుకు ఒక వైపు తాళం ద్వారా బ్యాటరీ నుంచి, ఇంకో వైపు ఆల్టర్నేటర్ నుంచి కరెంటు అందుతుంది. రెండు వైపులా వోల్టేజి సమానంగా ఉంటే బల్బు ఆరిపోతుంది. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ ఉంటే ఆ తేడా మేరకు మసకగా వెలుగుతుంది. హెడ్‌లైట్లు వేయగానే వెలుగు పెరుగుతోందంటే, కరెంటు ఎక్కువ పారేకొద్దీ తేడా పెరుగుతోందన్నమాట. ఆల్టర్నేటర్ దగ్గర పుట్టిన వోల్టేజి బ్యాటరీ దాకా పూర్తిగా చేరడం లేదు, దారిలో ఎక్కడో పోతోంది. ఆల్టర్నేటర్ లోపల కరెంటును ఒక వైపుకే పోనిచ్చే డయోడ్ ఒకటి పోయినా, తాళం స్విచ్ లోపలి పాయింట్లు మాడినా ఇలాంటి వెలుగే వస్తుంది. అందుకే కంటితో తీర్పు చెప్పకుండా మీటర్ పట్టుకోమంటున్నాను.

మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ కొనాలనుకుంటే మాత్రం డీసీ, అంటే బ్యాటరీ కరెంటు, ఆంపియర్లు చూపేదా కాదా అని అడిగి కొనండి. తక్కువ ధరలో దొరికే వాటిలో చాలా వరకు ఏసీ, అంటే ఇంటి కరెంటు, ఆంపియర్లను మాత్రమే చూపిస్తాయి, బండి పనికి అవి పనికిరావు. మొదలుపెట్టే ముందు చేతి గడియారం, ఉంగరం తీసేయండి. టెర్మినల్ విప్పేటప్పుడు ముందు నెగెటివ్ విప్పాలి, బిగించేటప్పుడు నెగెటివ్‌ను చివర బిగించాలి. పానా జారి బాడీకి తగిలినా అప్పుడు మంటలు లేవవు.

రాత్రంతా కదలని బండికి ఉదయాన్నే ముందువైపు బ్యాటరీ వోల్టేజి కొలవండి. 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉంది. 12.2 అంటే దాదాపు సగం. 12కు దిగిందంటే అది ఆకలితో ఉంది, దాన్ని పెట్టుకుని మిగిలిన పరీక్షలు చేస్తే లెక్కలు తప్పుతాయి. ముందు చార్జర్ పెట్టి నింపండి. తరువాత ఇంజన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి, ఎవరినైనా యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి పట్టమని చెప్పి మళ్లీ కొలవండి. బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 15 దాటితే కటౌట్, అంటే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్, పోయినట్టు. అది బ్యాటరీని ఉడికిస్తుంది. మీ బండిలో నాకు కనిపించేది దానికి వ్యతిరేకం: 13 అటూ ఇటూ వస్తుందని అనుకుంటున్నాను.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజన్ అలాగే లోడు మీద, అంటే లైట్లు, బ్లోయరు వేసి ఉండగా, మీటర్ ఎర్ర వైరును ఆల్టర్నేటర్ వెనక లావు కేబుల్ బిగించిన బోల్టు మీద, నల్ల వైరును బ్యాటరీ పాజిటివ్ స్తంభం మీద పెట్టండి. స్తంభం మీదే పెట్టాలి, దానికి బిగించిన క్లాంపు మీద కాదు. స్తంభానికీ క్లాంపుకూ మధ్య పేరుకున్న తెల్లటి పొడి కూడా దొంగే, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. మీటర్ చూపే అంకె ఆ దారిలో పోతున్న వోల్టేజి. 0.3 లోపు అయితే ఫరవాలేదు. తరువాత ఒక వైరు ఆల్టర్నేటర్ ఇనుప ఒంటి మీద, ఇంకోటి బ్యాటరీ నెగెటివ్ స్తంభం మీద పెట్టండి. ఇక్కడ 0.2 దాటకూడదు. ఇంజన్ తిరుగుతున్నప్పుడు బెల్టు, ఫ్యాన్ దగ్గర మీటర్ వైర్లు, చీర కొంగు, చొక్కా చేతులు జాగ్రత్త. చాలామంది ఆటో ఎలక్ట్రీషియన్లు చేయని పరీక్ష ఇది. రెండు నిమిషాల పని.

ఈ రెండో అంకె ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. పాజిటివ్ వైరు అందరికీ కనిపిస్తుంది, ఎర్త్ ఎవరికీ కనిపించదు. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరు కరెంటును పోనివ్వదు. ఇంజన్ నుంచి ఛాసిస్‌కు అల్లిన రాగి పట్టీ ఒకటి, ఛాసిస్ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు ఒక కేబుల్ ఉంటాయి. పాత బండిలో ఆ పట్టీ చీలికలై నాలుగు పోగులు మిగిలి ఉంటుంది, లేదా బోల్టు కింద తుప్పు పొరలు కట్టి ఉంటుంది. కారవాన్ కట్టించినప్పుడు బాడీకి రంగు వేసి, ఆ రంగు మీదే ఎర్త్ లగ్గు, అంటే కేబుల్ చివర ఉండే లోహపు బిళ్ల, బిగించిన బండ్లు చాలా చూశాను. మీరు సూర్యలంక లాంటి సముద్ర తీరాలకు కూడా వెళ్లి ఉంటే ఉప్పు గాలి తన పని తాను చేసి ఉంటుంది. ఎర్త్ పట్టీ పూర్తిగా తెగితే సెల్ఫ్ కొట్టినప్పుడు అంత కరెంటూ యాక్సిలరేటర్ కేబుల్ గుండానో, క్లచ్ కేబుల్ గుండానో తిరిగి వెళ్తుంది. అలాంటి కేబుల్ వేడెక్కి బిగుసుకుపోతుంది. ఘాట్ రోడ్డులో అది జరిగితే ఏమవుతుందో ఆలోచించండి.

లెక్క చూడండి. ఆల్టర్నేటర్ దగ్గర 14.2 పుట్టింది. పాజిటివ్ దారిలో 0.7 పోయింది, ఎర్త్ దారిలో 0.5 పోయింది. బ్యాటరీకి మిగిలింది 13. దానితో బ్యాటరీ నిండదు. ఆ 0.7 వోల్టు 40 ఆంపియర్ల మీద 28 వాట్ల వేడిగా ఒక చిన్న లగ్గు దగ్గర ఖర్చవుతుంది. వేడికి లగ్గు ఇంకా నల్లబడుతుంది, నల్లబడిన లగ్గు ఇంకా వేడెక్కుతుంది. ఇదే దారిలో పెద్ద ఆల్టర్నేటర్ వేస్తే ఎక్కువ కరెంటు పారి వేడి పెరుగుతుందే తప్ప బ్యాటరీకి అందేది పెద్దగా పెరగదు. పైగా పాత ఇంజన్ మీద ఉన్న ఒకే వి-బెల్టు పెద్ద ఆల్టర్నేటర్‌ను జారకుండా తిప్పడం కష్టం.

బెల్టు గురించి ఎలాగూ వచ్చింది కాబట్టి: బొటనవేలితో మధ్యలో గట్టిగా నొక్కితే సెంటీమీటరు లోతు దిగాలి, అంతకు మించకూడదు. పుల్లీ గాడి అడుగు అద్దంలా మెరుస్తుంటే బెల్టు అరిగి అడుక్కి దిగిందని అర్థం. అది పక్కల మీద పట్టు నిలుపుకోవాలి గానీ అడుగు తాకకూడదు.

పరీక్షల్లో దారి బాగానే ఉందని తేలితే అప్పుడు ఆల్టర్నేటర్ వైపు చూడాలి. మీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి, లోడు మీద బ్యాటరీ రెండు స్తంభాల మధ్య కొలవండి. అర వోల్టు దాటితే డయోడ్ ప్లేటు అనుమానించవచ్చు. ఇంకో గుర్తు ఉంది, దీనికి మీటర్ కూడా అక్కర్లేదు. రాత్రంతా ఆగిన బండి ఆల్టర్నేటర్‌ను తెల్లవారుజామున చేతితో తాకి చూడండి. ఇంజన్ చల్లగా ఉండి అది ఒక్కటే గోరువెచ్చగా ఉంటే, కారుతున్న డయోడ్ గుండా బ్యాటరీ రాత్రంతా దానిలోకి ఖాళీ అయిందని అర్థం. తాళం తిప్పినప్పుడు, ఇంజన్ స్టార్ట్ కాకముందు, చార్జింగ్ లైటు నిండుగా వెలగకపోతే బల్బు పోయిందనో, దాని వైరు తెగిందనో, కార్బన్ బ్రష్షులు అరిగాయనో అనుకోవాలి. చాలా పాత బండ్లలో ఆ బల్బు గుండా వచ్చే కరెంటుతోనే ఆల్టర్నేటర్ పని మొదలుపెడుతుంది. కొన్ని రూపాయల బల్బు మాడినందుకు ఆల్టర్నేటర్ మార్చిన సంఘటనలు ఉన్నాయి, అది నిజంగా బాధ కలిగిస్తుంది.

ఒక విషయంలో మీరు గట్టిగా నిలబడాలి. ఆల్టర్నేటర్ పని చేస్తోందో లేదో చూడడానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకే అలవాటు ఇక్కడి ఆటోనగర్లలో ఇప్పటికీ ఉంది. ఎవరు చేయబోయినా ఆపండి. బ్యాటరీ ఆ వ్యవస్థకు ఊతం. దాన్ని హఠాత్తుగా తీసేస్తే వోల్టేజి ఒక్క క్షణంలో ఎగిరి డయోడ్లను, రెగ్యులేటర్‌ను, మీ మ్యూజిక్ సిస్టం నుంచి ఇన్వర్టర్ దాకా దేన్నయినా కాల్చగలదు. మీ రెండు ఆల్టర్నేటర్లలో ఒకటి ఈ పరీక్షకే బలై ఉండవచ్చు. వైరును బాడీకి గీసి నిప్పురవ్వ చూసే పద్ధతి కూడా అంతే ప్రమాదం. బాడీకి వెల్డింగ్ చేయించేటప్పుడు ముందుగా రెండు బ్యాటరీల నెగెటివ్‌లు విప్పించండి.

ఇక శ్రీశైలంలో సెల్ఫ్ తిరగకపోవడానికి వద్దాం. రెండు బ్యాటరీలను కలిపే రిలే ఇంజన్ నడుస్తున్నప్పుడే కలపాలి, ఆగగానే విడదీయాలి. చవక రిలేల్లో పాయింట్లు వేడికి అతుక్కుపోతాయి. అప్పుడు రాత్రంతా వెనక ఫ్రిజ్, ఫ్యాన్లు ముందు బ్యాటరీనీ తాగేస్తాయి. చిన్న 12 వోల్టుల ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగేటప్పుడు నాలుగు ఆంపియర్లు లాగుతుంది. రెండు ఫ్యాన్లు కలిపి ఇంకో నాలుగు అనుకోండి. పది గంటల రాత్రికి 50, 60 ఆంపియర్ అవర్లు ఖర్చు. వెనక బ్యాటరీ ఎలాగూ సగమే నిండి ఉంది కాబట్టి భారం ముందు దాని మీద పడింది. మీ ముందు బ్యాటరీలు రెండూ చెడ్డవి కాకపోవచ్చు. రోజూ అడుగంటా ఖాళీ చేసి, ఎప్పుడూ నిండా నింపకపోతే సెల్ఫ్ కోసం చేసిన బ్యాటరీ ఏదైనా త్వరగానే చనిపోతుంది. విజయవాడ, గుంటూరు ఎండలు దానికి తోడు.

పరీక్ష సులువు. ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగి, వెనక ఫ్యాన్లు, ఫ్రిజ్ వేసి, ముందు బ్యాటరీ మీద మీటర్ పెట్టండి. వెనక లోడు వేసినప్పుడల్లా ముందు అంకె కూడా దిగుతుంటే అవి ఇంకా కలిసే ఉన్నాయి. రిలే మార్చండి. తాళంతో పని చేసే మామూలు రిలే కంటే, వోల్టేజి చూసి దానంతట అదే కలిసే, విడిపోయే రకం మంచిది. రిలే బాగానే ఉంటే, ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పి, మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌కు మార్చి, విప్పిన కేబులుకూ స్తంభానికీ మధ్య పెట్టండి. తాళం తీసి, తలుపులు మూసి కాసేపు ఆగితే 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. ఎక్కువ ఉంటే ఒక్కొక్క ఫ్యూజు పీకుతూ వెళ్లండి, ఏది పీకినప్పుడు అంకె పడిపోతుందో ఆ దారిలోనే తప్పు. మీటర్ అలా ఉండగా మాత్రం పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టవద్దు.

వెనక బ్యాటరీ నిండకపోవడానికి కారణం వైరు సన్నదనమే అయి ఉంటుందని నా అంచనా. ముందు నుంచి వెనక మంచం దాకా వైరు తిరిగి తిరిగి ఆరు మీటర్లు ఉంటుంది. ఇంటి వైరింగ్‌లో వాడే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి ఉంటే, 20 ఆంపియర్లు పారితే అర వోల్టు, 40 పారితే ఒక వోల్టు ఆ వైరులోనే పోతుంది. అదే 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ అయితే 40 ఆంపియర్ల దగ్గర పావు వోల్టుతో సరిపోతుంది. ఎర్త్ కూడా అంతే లావు కేబుల్‌తో ఛాసిస్‌కు, రంగు గీకి, బిగించాలి. లగ్గులు సుత్తితో కొట్టి నొక్కినవి కాకుండా క్రింపింగ్ పరికరంతో వేయించండి.

కేబుల్ మార్చినా ఒక మాట గుర్తుంచుకోవాలి. 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ 10, 15 ఆంపియర్ల చొప్పున నిదానంగా నిండే రకం. నరసరావుపేట, వినుకొండ, దోర్నాల మీదుగా సాగే ప్రయాణంలో అది కొంత కోలుకుంటుంది గానీ ఖాళీ నుంచి నిండదు. బయలుదేరే ముందు రోజు ఇంట్లో చార్జర్ పెట్టి నింపండి, డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడండి. లిథియం బ్యాటరీ వేయమని ఎవరైనా చెబితే, ఆల్టర్నేటర్‌కు నేరుగా కలపనివ్వవద్దు. అది ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, నెమ్మదిగా తిరిగే ఇంజన్ మీద ఆల్టర్నేటర్ మాడుతుంది. మధ్యలో డీసీ నుంచి డీసీకి మార్చే చార్జర్ తప్పనిసరి.

ఇప్పుడు రాసేది మీరు అడగలేదు, కానీ మీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టింది ఇదే. మంచం కింద బ్యాటరీ. ట్యూబులర్ బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. అది మండే వాయువు. దాని మీద పరుపు వేసుకుని, కిటికీలు మూసుకుని ఇద్దరు నిద్రపోతున్నారు. బ్యాటరీని మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టించి, పెట్టె పైభాగం నుంచి గొట్టం ఒకటి బండి బయటికి తీయించండి. పెట్టెకు కింద గాలి లోపలికి వచ్చే రంధ్రం కూడా ఉండాలి. అదే పెట్టెలో ఇన్వర్టర్ గానీ రిలే గానీ ఉండకూడదు. వాటిలో పుట్టే చిన్న రవ్వ చాలు.

రెండోది ఫ్యూజులు. ఆ ఆరు మీటర్ల కేబుల్‌కు రెండు చివర్లా బ్యాటరీలు ఉన్నాయి. మధ్యలో ఎక్కడ ఒరిసి బాడీకి తగిలినా రెండు వైపుల నుంచీ వందల ఆంపియర్లు దూకుతాయి, ప్లైవుడ్ గోడల బండి కాలడానికి నిమిషాలు చాలు. కాబట్టి రెండు బ్యాటరీల పాజిటివ్ దగ్గరా, స్తంభానికి జానెడు దూరంలోపే, ఒక్కొక్క ఫ్యూజు ఉండాలి. 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌కు 60 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. ఇన్వర్టర్ కేబుల్‌కు వేరే ఫ్యూజు. మిగిలిన పనులన్నీ వాయిదా వేసినా ఈ రెండూ ఈ వారంలోనే చేయించండి. అవి పూర్తయ్యేదాకా ఆ మంచం మీద రాత్రి పడుకోవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

ఏసీ గురించి అడిగారు. ఒక టన్ను ఏసీ వెయ్యి వాట్లకు పైగానే తీసుకుంటుంది. ఇన్వర్టర్‌లో పోయేది కూడా కలిపితే 12 వోల్టుల దగ్గర దాదాపు 100 ఆంపియర్లు. మీ వెనక బ్యాటరీ దాన్ని గంట కూడా మోయలేదు. ప్లగ్ దొరికే చోట బండి పెట్టి ఇంటి కరెంటు మీద నడుపుకోండి, లేదంటే పైకప్పుకు గాలి లాగే ఫ్యాన్ ఒకటి పెట్టించండి. కార్తీకంలో నల్లమల రాత్రులకు అది చాలు.

పని ఎక్కడ చేయించాలన్నది మీ ఇష్టం. గుంటూరులోనూ మంచివాళ్లు ఉన్నారు, విజయవాడ ఆటోనగర్‌లో ఆల్టర్నేటర్‌ను బెంచి మీద లోడు పెట్టి తిప్పి చూపే దుకాణాలు ఉన్నాయి. పైన చెప్పిన కొలతలన్నీ కాగితం మీద రాసి చేతిలో పెట్టండి. అంకెలు చూస్తే మంచి పనివాడు సంతోషిస్తాడు. ఆల్టర్నేటర్ విప్పవలసి వస్తే, బెంచి మీద అది ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో మీ కళ్లముందు చూపించమనండి. అది తప్పితేనే కొత్తదానికి డబ్బు ఇవ్వండి, విప్పిన పాత సామాను అడిగి తీసుకోండి.

పనులు అయ్యాక నేరుగా ఘాట్ ఎక్కవద్దు. దోర్నాల దాటాక అడవి రోడ్డు మీద రాత్రి రాకపోకలు ఆపేస్తారు, అక్కడ బండి మొరాయిస్తే సాయం త్వరగా దొరకదు. ముందు ఒక సాయంత్రం అమరావతి దాకా హెడ్‌లైట్లు వేసుకుని వెళ్లండి. చార్జింగ్ లైటు పూర్తిగా ఆరిపోవాలి. అమరేశ్వరుడి దర్శనం చేసుకుని రాత్రి అక్కడే ఉండి, ఫ్రిజ్, ఫ్యాన్లు మామూలుగా వాడుకోండి. ఉదయం తాళం తిప్పకముందే ముందువైపు బ్యాటరీ కొలవండి. 12.5కు తగ్గకుండా ఉంటే కార్తీకంలో నిశ్చింతగా శ్రీశైలం వెళ్లవచ్చు. తగ్గితే ఆ అంకె, పైన చెప్పిన రెండు దారుల అంకెలు నాకు రాసి పంపండి.